ప్రెషర్ వాషర్ గొట్టం దెబ్బతింటే కట్టు కట్టవద్దు

పాల శీతలీకరణ యూనిట్లు ఉన్న సంఘాలలోను, పది పదిహేను గేదెలను కట్టే పాకలలోను ఇప్పుడు ప్రెషర్ వాషర్లు కనిపిస్తున్నాయి. నేల కడగడానికి, మురుగు కాలువలో గట్టిపడిన పేడను కొట్టడానికి, పాలు తెచ్చే ఆటోల చక్రాలకు అంటిన బురద వదల్చడానికి ఇవి బాగా అక్కరకొస్తాయి. చీపురు, బక్కెట్టు పట్టుకుని చాలాసేపు చేయవలసిన పని కొద్దిసేపట్లో అవుతుంది, నీరు కూడా ఆదా అవుతుంది. అయితే ఈ యంత్రంలో నేలమీద ఈడ్చబడేది, తొక్కబడేది, ఎండకు ఎండేది గొట్టం ఒక్కటే. మోటారు, పంపు బాగానే ఉండగా తరచు ముందుగా పాడయ్యేది కూడా అదే. అది పాడైనప్పుడు మనవాళ్లు చేసే పని గురించే ఈ వ్యాసం.

ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. తెల్లవారి పాల వేళ అయిపోయింది. టెస్టరు సీసాలు కడుగుతున్నాడు. హెల్పరు నేల కడుగుతుండగా గొట్టం మధ్యలో సన్నగా నీరు చిమ్మడం మొదలైంది. "ఏముంది బాబాయ్, సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగిస్తే పదిరోజులు లాగుతుంది" అంటాడతను. కార్యదర్శికీ ఆ మాట బాగానే ఉంటుంది, ఎందుకంటే కొత్త గొట్టం కొనాలంటే తీర్మానం కావాలి, బిల్లు కావాలి, పట్నం వెళ్లాలి. బోరు పైపుకూ, పొలంలో మందు కొట్టే పైపుకూ మనం ఇలాగే కట్టు కడుతూ వచ్చాం కదా, దీనికెందుకు కట్టకూడదన్న ప్రశ్న సహజమే.

ఎందుకు కట్టకూడదో తెలియాలంటే లెక్క చూడాలి. పది మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి దిగే కుళాయిలో నీటి పీడనం సుమారు ఒక బార్. అంటే చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు నెట్టినట్టు. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటుంది. ఇళ్లకోసం అమ్మే చిన్న ప్రెషర్ వాషరు కూడా 100 బార్లు, ఆ పైన ఇస్తుంది. పెద్దవి 150, 200 బార్లు ఇచ్చేవీ ఉన్నాయి. మామూలు కుళాయిలో 100 బార్లు రావాలంటే నీళ్ల ట్యాంకును 1000 మీటర్ల ఎత్తున కట్టాలి. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు పునాది నుంచి 124 మీటర్లు. అలాంటివి ఎనిమిది ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, ఆ పైన ట్యాంకు పెడితే వచ్చే పీడనం మీ హెల్పరు చేతిలోని గొట్టంలో ఉన్నది. దానిని సైకిలు ట్యూబు ముక్క ఆపదు.

మరో లెక్క. గొట్టం లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు అనుకుందాం. 100 బార్ల వద్ద ఆ రంధ్రం అంత వైశాల్యం మీద నీరు నెట్టే బలం దాదాపు 50 కిలోలు. అంటే నలభై లీటర్ల క్యాను నిండా పాలు పోసి, క్యానుతో సహా తూస్తే ఎంత ఉంటుందో అంత బలం గొట్టం చివర ఉన్న జాయింటును ఊడబెరకడానికి యంత్రం నడిచినంతసేపూ ప్రయత్నిస్తూనే ఉంటుంది. క్లిప్పు బిగించి పెట్టిన జాయింటు ఊడిందంటే గొట్టం పాములా ఎగిరి కొడుతుంది. చివరన ఇత్తడి బిళ్ల కూడా ఉంటుంది కాబట్టి అది మొహానికి తగిలితే పళ్లు రాలతాయి, కన్ను పోతుంది.

గొట్టం పగిలి మనిషిని కొట్టడం అందరికీ కనిపించే ప్రమాదం. కనిపించని ప్రమాదం సన్నని రంధ్రంలో ఉంది. సూది మొనంత చిల్లులోంచి 100 బార్ల పీడనంతో బయటికొచ్చే నీటి వేగం లెక్క ప్రకారం సెకనుకు 140 మీటర్లు, గంటకు 500 కిలోమీటర్లు. ఆ ధార చర్మాన్ని తడపదు, చీల్చుకుని లోపలికి పోతుంది. ఏడు బార్ల దగ్గర నుంచే సన్నని ధార చర్మం లోపలికి దూసుకుపోగలదని వైద్యులు చెబుతారు. మన యంత్రాలలో దానికి పది ఇరవై రెట్ల పీడనం ఉంటుంది. "ఎక్కడ కారుతోందో" అని గొట్టం వెంట అరచేయి పెట్టి తడిమి చూడడం ఎంత సహజమైన పనో, అంత చెడ్డ పని. ఎడమచేతి చూపుడువేలు, బొటనవేలు ఎక్కువగా ఇలాగే బలవుతాయి.

డీజిల్ పంపుసెట్లు బాగుచేసే మెకానిక్కులను గమనించండి. ఇంజెక్టరును పరీక్షించేటప్పుడు అనుభవమున్నవాడు ఆ పిచికారీ ముందు చేయి పెట్టడు. 1937లోనే రీస్ అనే వైద్యుడు డీజిల్ ఇంజను నుంచి ఇంధనం ఒత్తిడితో వేలిలోకి దూసుకుపోయిన సంగతిని అమెరికా వైద్య పత్రికలో వివరించాడు. డీజిలు, పెయింటు, గ్రీజు లోపలికి పోతే వేలు తీసేయవలసిన స్థితి రావచ్చు. శుభ్రమైన నీరు అంత చెరుపు చేయదన్నది నిజమే. కాని మన గొట్టం ఈడ్చేది పేడలో, మూత్రంలో. ట్యాంకులో కలిపిన సబ్బుమందు కూడా ఆ నీటిలో ఉండవచ్చు. ఆ మురికి కండరాల పొరల మధ్యకు, నరాల వెంట అరచేతిలోకి పోతుంది.

మోసం ఎక్కడంటే, మొదట గాయమే కనిపించదు. ఎర్రగా ఒక చుక్క, కొద్దిగా మంట, అంతే. కొందరికి నొప్పి కూడా అంతగా ఉండదు. పసుపు అద్ది పనిలోకి దిగుతారు. కొన్ని గంటలకు వేలు వాచి, బిగిసి, తిమ్మిరి పట్టి, రాత్రికి నిద్ర పట్టనంత నొప్పి వస్తుంది. అప్పుడు ఊళ్లో ఒక ఇంజెక్షను, ఒక కట్టుతో సరిపెడితే విలువైన కాలం గడిచిపోతుంది. లోపలి వాపు రక్తనాళాలను నొక్కివేస్తే ఆ భాగానికి రక్తం అందదు. ఆపైన చీము పడుతుంది.

కాబట్టి చిన్న చుక్కే అయినా దీనిని పాము కాటంత తొందరగా చూడాలి. చేతి ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. గాయాన్ని పిండవద్దు, నోటితో పీల్చవద్దు, వేడి కాపడం పెట్టవద్దు, బిగించి కట్టవద్దు. పైన కొద్దిగా కడిగి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, చేతిని గుండెకన్నా ఎత్తుగా ఉంచి, శస్త్రచికిత్స చేయగల సర్జన్లు ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకువెళ్లండి. వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి. ఆపరేషను అవసరం కావచ్చు కాబట్టి దారిలో టిఫిను, టీ ఇవ్వవద్దు. డాక్టరుకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది: "గుచ్చుకున్నది కాదు, ప్రెషర్ వాషర్ నీళ్లు లోపలికి పోయాయి, మిషను ఇన్ని బార్లది, నీళ్లలో ఫలానా మందు కలిపాం." ఈ మాట చెప్పకపోతే ఎంత మంచి డాక్టరయినా దాన్ని ముల్లు గుచ్చుకున్న గాయంగా చూసి పంపించే అవకాశం ఉంది. ధనుర్వాతం టీకా గురించి కూడా అడగండి.

నీరు చిమ్మగానే చేయవలసింది

గన్ను వదిలేసి గొట్టం దగ్గరకు పోకూడదు. ముందుగా మిషను స్విచ్చి ఆపాలి, ప్లగ్గు తీయాలి. తడి చేత్తో కాదు. తరువాత నీళ్ల కుళాయి కట్టాలి. ఇక్కడితో పని అయిందనుకుంటే పొరపాటు. మోటారు ఆగినా గొట్టంలో పీడనం అలాగే నిలిచి ఉంటుంది, ఎందుకంటే గన్ను మూసి ఉన్నది. గన్నును మనుషులు, పశువులు లేనివైపు, నేలకేసి తిప్పి, నీరు పూర్తిగా ఆగేదాకా ట్రిగ్గరు నొక్కి ఉంచాలి. అప్పుడు గొట్టం మెత్తబడుతుంది. ఆ తరువాత ట్రిగ్గరుకు ఉన్న తాళం వేసి, అప్పుడే గొట్టాన్ని చేత్తో పట్టుకోవాలి.

చిల్లు కనిపించక ఎక్కడుందో వెతకవలసి వస్తే మిషను ఆపి ఉంచే చూడండి. పైపొర మీద కోత, బొబ్బ, తుప్పు మరక, తేలిన తీగ ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. గుడ్డతో తుడిచి, తోలు చేతితొడుగు వేసుకుని తడమండి. తెగిన ఉక్కు తీగలు కూడా సూదుల్లాగే గుచ్చుకుంటాయి. మిషను నడుస్తుండగా చూడక తప్పదని మెకానిక్కు అంటే, దూరంగా నిలబడి అట్టముక్కను కర్రకు కట్టి గొట్టం వెంట జరపమనండి. తడిసేది అట్ట కావాలి, చేయి కాదు.

మరొక గుర్తు కూడా తెలిసి ఉండటం మంచిది. కొన్ని మిషన్లు గన్ను వదలగానే వాటంతట అవే ఆగుతాయి. గన్ను ముట్టుకోకుండానే అలాంటి మిషను మధ్యమధ్య కాస్త మోగి ఆగుతున్నదంటే, ఎక్కడో పీడనం తప్పిపోతున్నదన్నమాట. అది పంపు లోపల కావచ్చు, గొట్టంలో కావచ్చు. అప్పుడు గొట్టం మొత్తం చూడాలి.

జాయింటా, గొట్టమా?

దిగులు పడనవసరం లేని సంగతి ఒకటి చెబుతాను. కారేది గొట్టం చివర, మిషనుకో గన్నుకో కలిసేచోట అయితే, చాలాసార్లు తప్పు లోపలి ఓ రింగుది. అది నల్లని చిన్న రబ్బరు చుట్టు. అరిగినా, చిట్లినా, తొడిగేటప్పుడు నలిగినా కారుతుంది. పీడనం వదిలేసి, జాయింటు విప్పి, పాతదాని కొలతే ఉన్న కొత్తది వేస్తే సరిపోతుంది. దాని ఖరీదు స్వల్పం. నాలుగు కొని కార్యదర్శి బల్ల సొరుగులో పెట్టుకోవచ్చు. దానికి బదులు టెఫ్లాన్ టేపు చుట్టి, పెద్ద స్పానరుతో శక్తికొద్దీ బిగించేవారున్నారు. చేత్తో బిగించేందుకు చేసిన జాయింటును స్పానరుతో బిగిస్తే మర పోతుంది, కారడం మాత్రం ఆగదు.

కారేది గొట్టం ఒంటిమీద అయితే వ్యవహారం వేరు. ఈ గొట్టం మూడు పొరలుగా ఉంటుంది. లోపల నీరు నడిచే నాళం, దానిమీద ఉక్కు తీగలతోనో గట్టి దారంతోనో చేసిన అల్లిక, పైన తొడుగు. పీడనాన్ని భరించేది మధ్యనున్న అల్లిక. పైతొడుగు ఆ అల్లికకు గొడుగు వంటిది. తొడుగు చిరిగి తీగ కనిపించిందంటే ఈరోజు కారకపోయినా పాకలోని తడి, మూత్రం ఆ తీగను తుప్పు పట్టిస్తాయి. తొడుగు మీద బొబ్బ లేచిందంటే లోపలి నాళం ముందే తెగింది. నీరు అల్లిక వెంట పాకి, తొడుగు బలహీనంగా ఉన్నచోట పైకి ఉబుకుతున్నది. అంటే మనకు కనిపించే చిల్లు ఒకచోట, అసలు చిల్లు మరొకచోట. కట్టు కట్టి అక్కడ ఆపితే నీరు మరో జానెడు అవతల తేలుతుంది. అక్కడ ఎవరి చేయి ఉంటుందో చెప్పలేం.

మెలిక పడి నొక్కుకుపోయినచోట గొట్టం చదునై మళ్లీ గుండ్రంగా రాకపోతే, చివరి బిళ్ల దగ్గర గొట్టం కొద్దిగా బయటికి జారినట్టు కనిపిస్తే, ఎండకు బిరుసెక్కి వంచితే పైన పగుళ్లు వస్తే, కారకపోయినా ఆ గొట్టం పని అయిపోయిందనే లెక్క.

బాగుచేయించవచ్చా?

కొన్ని గొట్టాలను చేయించవచ్చు. ట్రాక్టర్ల, ప్రొక్లెయినర్ల హైడ్రాలిక్ గొట్టాలకు మిషనుతో బిళ్లలు నొక్కే దుకాణాలు పట్టణాలలో ఉంటాయి. ఉక్కు అల్లిక ఉన్న రబ్బరు గొట్టం చివర నుంచి ఒకటి రెండు అడుగుల లోపల దెబ్బతింటే, ఆ ముక్క కోసేసి, మిగిలినదానికి కొత్త బిళ్ల నొక్కించవచ్చు. గొట్టం ఆ మేరకు పొట్టిదవుతుంది, అంతే. మిగిలిన గొట్టం మెత్తగా, పగుళ్లు లేకుండా ఉంటేనే ఆ ఖర్చు పెట్టండి. చిన్న మిషన్లతో వచ్చే సన్నని ప్లాస్టిక్ గొట్టాలు, చివరలు అచ్చుపోసి అతికించినవి, ఈ పనికి రావు. వాటిని మార్చవలసిందే.

మధ్యలో తెగితే రెండు ముక్కలకూ బిళ్లలు నొక్కి, నడుమ జాయింటు వేసి ఇస్తామని దుకాణంవాళ్లు అంటారు. పద్ధతి ప్రకారం చేస్తే అది నీటిని ఆపుతుంది. అయినా సంఘానికి నేను దానిని సిఫారసు చేయను. నేలమీద ఈడ్చినప్పుడల్లా ఆ ఇనుప ముడి గుమ్మాలకు, క్యాన్లకు తట్టుకుంటుంది, దాని పక్కనే గొట్టం మెలిపడుతుంది. ఏడాది తిరక్కుండా మళ్లీ అదే దుకాణానికి వెళ్లవలసి రావచ్చు.

కొత్త గొట్టానికి వెళ్లేటప్పుడు పాత గొట్టాన్ని రెండు చివరలతో సహా తీసుకువెళ్లండి, మిషను రేకుమీద రాసి ఉన్న గరిష్ఠ పీడనం కాగితం మీద రాసుకోండి. గొట్టం ఒంటిమీద దాని పని పీడనం అచ్చువేసి ఉంటుంది. అది మిషను గరిష్ఠ పీడనానికి తక్కువ కాకూడదు. ఏమీ అచ్చులేని గొట్టం ఎంత లావుగా కనిపించినా వద్దు. మీది వేడినీటి మిషను అయితే ఎంత వేడికి తట్టుకుంటుందో కూడా చూడాలి. చల్లనీటి మిషనుకు ఇచ్చిన గొట్టంలో బాయిలరు నీరు పంపితే లోపలి నాళం మెత్తబడి పాడవుతుంది.

మరలో ఒక చిక్కు ఉంది. చాలా మిషన్లకు 22 మిల్లీమీటర్ల మర ఉంటుంది. అందులో లోపలి ముక్కు 14 మిల్లీమీటర్లది ఒక రకం, 15 మిల్లీమీటర్లది ఇంకో రకం. బయటికి రెండూ ఒకటే, మర కూడా ఒకదానికొకటి పడుతుంది. కాని 14 ముక్కు 15 గూటిలోకి పోతే ఓ రింగు ఆనక నీరు కారుతుంది. కొత్త గొట్టం బిగించగానే కారితే "దుకాణంవాడు మోసం చేశాడు" అనుకునేముందు ఈ సంగతి చూడండి. పాత గొట్టం చివర దగ్గరుంటే ఈ పేచీయే రాదు.

ఆ పూట పని ఎలా?

గొట్టం చెడిన రోజు పాల సేకరణ ఆగిపోతుందన్న భయం అనవసరం. పాలు తగిలే పాత్రలను, శీతలీకరణ ట్యాంకు లోపలి భాగాన్ని ఈ మిషనుతో కడగవలసిన పని అసలే లేదు. ముందు గోరువెచ్చని నీటితో తొలపడం, తరువాత వేడి సబ్బునీటితో బ్రష్షు పెట్టి కడగడం, మళ్లీ మంచినీటితో తొలిచి క్రిమిసంహారక ద్రావణం వాడడం, ఇవి ఎప్పటిలాగే నడుస్తాయి. చెడినది నేల కడిగే మిషను. నేలకు ఆ పూటకి చీపురు, బక్కెట్టు చాలు. గంట ఆలస్యమైతే కార్యదర్శిని ఎవరైనా నాలుగు మాటలు అంటారేమో, అనుకోనివ్వండి.

అందుకే పాలకవర్గం రెండు చిన్న పనులు చేస్తే బాగుంటుంది. ఒకటి, ఒక అదనపు గొట్టం కొని చుట్టగా చుట్టి లోపల వేలాడదీయడం. ఎలుకలు కొరికే మూల కాకుండా, ఎండ తగలని చోట. రెండవది, గొట్టం చెడితే పని ఆపే హక్కు హెల్పరుకు ఉందని సమావేశంలో రాసుకోవడం. నెల జీతం మీద బతికే మనిషి ప్రెసిడెంటుగారు చూస్తుండగా "ఈ మిషను నేను ముట్టుకోను" అనలేడు. ఆ మాట అతని బదులు మినిట్సు పుస్తకం అనాలి.

ఇక గొట్టం ఎక్కువకాలం నిలవడానికి కొత్త సంగతులేమీ లేవు. గన్ను పట్టుకుని గొట్టాన్ని లాగి మిషనును ఈడ్చవద్దు. పాల ఆటో చక్రం కింద పడనివ్వవద్దు. పని కాగానే పీడనం వదిలి, పేడ కడిగి, పెద్ద చుట్టలుగా చుట్టండి. వారానికోసారి పొడవునా చూడండి, ముఖ్యంగా రెండు చివరల దగ్గర జానెడు మేర, అది వంగేచోటు కాబట్టి. గన్నును మాత్రం సరదాకైనా మనుషులమీదికి, పశువులమీదికి తిప్పవద్దు. పొదుగు కడగడానికి దీనిని వాడవచ్చా అని కొందరు అడుగుతుంటారు. వాడకూడదు. గొట్టంలోని చిల్లు చేతికి చేసే పనే ఈ ధార చనుకట్టుకు చేస్తుంది.

తీసేసిన పాత గొట్టాన్ని మూల పడేస్తే రేపు ఎవరో ఒకరు పొలానికి పట్టుకుపోయి మందు కొట్టే పంపుకు తగిలిస్తారు. రెండు చివరలూ కోసి, ఒళ్లంతా మూరెడు ముక్కలు చేసేయండి. వాటిలో ఒక ముక్కను నిలువునా చీల్చి గుమ్మం అంచుకు తొడిగి కట్టారంటే, కొత్త గొట్టం రోజూ రాసుకునేచోట ఆ సిమెంటు మొన దానికి తగలదు.